రచనాశిక్షకుడుగా టాల్‌స్టాయి

కావ్యమునకు హేతువులేవి యను ప్రశ్నకు మన యాలంకారికులు మూడు మాటలతో సమాధానము చెప్పియున్నారు: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము. మొదటిది పుట్టుకతో వచ్చునదనియు, రెండవది లోకమును, శాస్త్రములను, కావ్యములను పరిశీలించుటచే కలుగుననియు, మూడవది కావ్యమెరిగిన వారి శిక్షవలన సిద్ధించుననియు మమ్మటుడు నిరూపించెను. ఈ మూడవ హేతువునందే యొక చిక్కు కలదు. శిక్షకుడు శిష్యునకు నిజముగా నేర్పగలిగినదేది? భావములా, మాటలా, క్రమమా? భావమును గురువే యిచ్చినచో రచన శిష్యునిది కాదు. ఏమియు నీయనిచో గురువుతో పనియే లేదు. పాఠశాలలలో వ్యాసరచన చెప్పువారికి దినదినమును ఎదురగు ప్రశ్న యిది.

రష్యాదేశపు కథకులలో అగ్రగణ్యుడైన లియో టాల్‌స్టాయి యీ ప్రశ్నను పల్లెబాలుర నడుమ కూర్చుండి విచారించెను. "యుద్ధము-శాంతి", "అన్నా కరేనినా" నవలల కర్తగా ఆతనిని ఎల్లరును ఎరుగుదురు. కాని యాతడు నవలారచనను ప్రక్కకుపెట్టి బడిపంతులయ్యెననియు, రైతుబిడ్డలచే కథలు చెప్పించి తాను వ్రాయసకాడయ్యెననియు, వారికొరకు వాచకములు కూర్చెననియు ఎరిగినవారు తక్కువ. ఆ పనిని ఆతడు పొద్దుపుచ్చుటకు చేయలేదు. రచన నేర్పబోయి, రచనయందలి శ్రమ యెన్ని భాగములుగా నున్నదో విడదీసి చూచెను. అందు గురువు మోయవలసినదేదో, శిష్యునకు విడువవలసినదేదో తేల్చెను. ఆ విచారణయే పిమ్మట ఆతని స్వంతశైలినిసైతము మార్చెను. ఈ మూడు విషయములును ఒకదానినుండి యొకటి యెట్లు పుట్టినవో చూపుట యిచ్చట ఉద్దేశము.

పాఠశాలకు పూర్వము

టాల్‌స్టాయి రష్యా ప్రాచీన పంచాంగము ననుసరించి 1828 ఆగస్టు 28వ తేదీన, ఇప్పటి లెక్కకు సెప్టెంబరు 9వ తేదీన, తూలా మండలమునందలి యాస్నయా పొల్యానాలో ప్రభువంశమున జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తల్లియు, తొమ్మిదవయేట తండ్రియు గతించిరి. కజాను విశ్వవిద్యాలయమున చేరి, పట్టము పొందకయే 1847లో విడిచెను. 1849లోనే తన గ్రామమున రైతుబిడ్డలకొక చిన్నబడి పెట్టించెను గాని యది నిలువలేదు. పిమ్మట సైన్యమున చేరి కాకసస్ ప్రాంతమునను, సెవాస్తపోలు ముట్టడియందును పనిచేసెను. 1852లో ప్రకటితమైన "బాల్యము" అను తొలి గ్రంథముతోడనే రచయితగా ప్రసిద్ధికెక్కెను. బాలుని మనసు నెట్లు చదువవలెనో ఆ గ్రంథమునాటికే ఆతనికి తెలిసియుండెను. కాని యది జమీందారు బిడ్డ మనసు. దానిని చదివినవారును జమీందారులే.

నాటి రష్యాలో జనులలో ఎక్కువమంది రైతులు. వారిలో అనేకులు భూస్వాములకు దాస్యము చేయుచు అక్షరమెరుగక యుండిరి. తాను వ్రాయునది తన్ను పోషించుచున్న జనులలో నొక్కరికిని అందదను తలంపు టాల్‌స్టాయిని బాధించెను. 1859వ సంవత్సరపు శరత్కాలమున ఆతడు తన గ్రామమున మరల పాఠశాల తెరచెను. అప్పటికాతని వయస్సు 31 ఏండ్లు. రెండేండ్ల లోపలనే, 1861లో, దాసవిమోచన శాసనము వెలువడెను. ఆతడు భూస్వాములకును రైతులకును నడుమ మధ్యవర్తిగా నియమింపబడి, రైతుల పక్షము వహించుచున్నాడని తనతోడి భూస్వాముల కోపమునకు పాత్రుడయ్యెను.

పరదేశములలో పాఠశాలల దర్శనము

1860 వేసవి మొదలు 1861 వసంతమువరకు ఆతడు జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీ, ఇంగ్లండు, బెల్జియము దేశములలో సంచరించి పాఠశాలలను స్వయముగా చూచెను. ఆ ప్రయాణమునందే ఆతని యన్న నికొలాయి ఫ్రాన్సు దక్షిణతీరమున క్షయరోగముచే మరణించెను. ఆ దుఃఖములోనుండియు ఆతడు బడులను చూచుట మానలేదు. మార్సేల్స్ నగరమున బాలురు గ్రంథక్రమమున నడిగిన చరిత్రప్రశ్నలకు తడబడక సమాధానము చెప్పిరి గాని, క్రమము తప్పించి యడిగినంతనే తప్పు సమాధానము చెప్పిరి. ఆ నగరపు జనులు మాత్రము తెలివిగలవారుగానే యుండిరి. ఆ తెలివి వారికి వీధులలోను, కాఫీశాలలలోను, చౌకబారు కథాపుస్తకములవలనను అబ్బినదని ఆతడు నిశ్చయించెను.

1861 ఏప్రిలులో జర్మనీయందలి వైమారు నగరమున నొక బడికి పోయి, బాలుర రచనలను తనకిమ్మని యుపాధ్యాయుని అడిగెను. పుస్తకములు పోయినచో తలిదండ్రులు మరల కొనవలసివచ్చునని యుపాధ్యాయుడు సంకోచించెను. టాల్‌స్టాయి వెంటనే యంగడికి పోయి కాగితముల కట్ట కొనితెచ్చెను. బాలురు తమ రచనలను వానిపై నెత్తివ్రాసి యిచ్చిరి. ఉపాధ్యాయుల సిద్ధాంతములకంటె శిష్యుల చేతివ్రాతలే పాఠశాలకు నిజమైన సాక్ష్యమని ఆతడు భావించినట్లు దీనివలన తెలియుచున్నది.

యాస్నయా పొల్యానా పద్ధతి

ఆతని పాఠశాల రెండంతస్తుల రాతికట్టడములో నుండెను. సుమారు 40మంది బాలబాలికలు చదువుచుండిరి. నలుగురు ఉపాధ్యాయులు. ఉదయము ఎనిమిది గంటలకు గంట మ్రోగును. పిల్లలు పుస్తకముగాని పలకగాని తేనక్కరలేదు. ఇంటికడ చదువవలసిన పాఠము లేదు. నిన్నటి పాఠము జ్ఞప్తియందుండవలెనను నిర్బంధమును లేదు. ఇష్టమైనచోట కూర్చుండవచ్చును, ఇష్టములేనిచో లేచిపోవచ్చును. ఇట్టి స్వేచ్ఛలో మొదట గందరగోళము కలుగుట సహజమనియు, ఓర్చుకొన్నచో అందుండియే యొక క్రమము పుట్టుననియు ఆతని మతము. 1862లో ఆతడు పాఠశాల పేరిటనే యొక మాసపత్రికను నడపి, పండ్రెండు సంచికలలో తన యనుభవములను, బాలుర రచనలను ప్రకటించెను. రచనాశిక్షను గూర్చిన ముఖ్యవ్యాసములన్నియు అందలివే.

రచన నేర్పుటలో మొదట ఆతడును లోకాచారమునే పాటించెను. సులభమైనదానితో ప్రారంభింపవలెనని తలచి రొట్టె, గుడిసె, చెట్టు మొదలగు వస్తువులను వర్ణింపుమని పిల్లలకు చెప్పెను. వారు కన్నీటి పర్యంతమైరి. ఏమి వ్రాయవలెనో, ఎందులకు వ్రాయవలెనో వారికి బోధపడలేదు. అట్లుగాక, జరిగిన సంగతి నొకదానిని చెప్పుమన్నప్పుడు అదే పిల్లలు ఉత్సాహముతో వ్రాసిరి. పెద్దలకు సులభముగా తోచునది పిల్లలకు కష్టమనియు, క్లిష్టముగాను సజీవముగాను ఉన్నదే వారికి సుకరమనియు దీనివలన ఆతడు గ్రహించెను. వస్తువునందు కాలగతి లేదు. సంఘటనకు మొదలు, నడుమ, తుద కలవు. బాలుని బుద్ధి ఆ గతిని పట్టుకొని నడచును.

ఆ పత్రికలోనే ఆతడు వర్ణించిన యొక శీతకాలపు రాత్రి ప్రసిద్ధమైనది. పాఠశాలలో గోగోలు భయానకకథ నొకదానిని చదివిన పిమ్మట ఫెద్కా, సేమ్కా, ప్రోన్కా యను ముగ్గురు బాలురు గురువుతో కలసి మంచులో నడచుచుండిరి. ఫెద్కా హఠాత్తుగా, పాడుట యెందులకు, బొమ్మలు వేయుట యెందులకు అని యడిగెను. టాల్‌స్టాయికి వెంటనే సమాధానము తోచలేదు. లిండెను చెట్టు ఎందులకున్నదను మాట వచ్చెను. వాసములకు పనికివచ్చునని సేమ్కా చెప్పెను. నరకని చెట్టు వేసవిలో ఎందులకని ప్రశ్న మరల మొలచెను. తుదకు ప్రయోజనమే సమస్తము కాదనియు, సౌందర్యమనునది వేరొకటి కలదనియు వారందరును ఏకీభవించిరి. కావ్యప్రయోజనమును గూర్చి పండితులు చేయు చర్చ, చదువు పూర్తిగా రాని బాలుని నోట ఎవరును ప్రేరేపింపకయే పుట్టినది.

సామెత కథయైన విధము

రచనాశిక్షను గూర్చి ఆతడు వ్రాసినవానిలో ముఖ్యమైన వ్యాసము 1862లో ప్రకటితమైనది. రైతుబిడ్డలు మాయొద్ద వ్రాయ నేర్చుకొనవలెనా, మేము వారియొద్ద నేర్చుకొనవలెనా యనునదే దాని శీర్షికాభిప్రాయము. అందలి వృత్తాంతమిది. స్నెగిర్యోవ్ కూర్చిన సామెతల పుస్తకమును టాల్‌స్టాయి బడికి తెచ్చి, యొక సామెతను కథగా వ్రాయుడని బాలురకు చెప్పెను. గరిటెతో తినిపించి, దాని కాడతో కన్నుపొడుచువానిని గూర్చిన సామెత యది. ఒక రైతు బిచ్చగానిని ఇంట చేర్చి, పిమ్మట తాను చేసిన మేలును ఎత్తిపొడిచినట్లు ఊహింపుడని గురువు సూచించెను. అది తమవలన కాదని బాలురు తమతమ పనులలో మునిగిరి. అప్పుడు ఆతడే కలము పట్టి మొదటి పుట వ్రాసెను.

బాలురు ఆతని కుర్చీవెనుక మూగి ఆ పుటను చదివిరి. మెచ్చుకొనుటకు మారుగా తప్పులు పట్టిరి: ముసలివాడు అట్లు మాటలాడడనిరి, ఇట్లు నడువడనిరి. క్రమముగా వారు చెప్పుటయు గురువు వ్రాయుటయు ఆరంభమయ్యెను. సాయంకాలము ఏడుగంటలనుండి పదునొకండు గంటలవరకు ఆకలియు అలసటయు వారికి తెలియలేదు. గురువు కలము నిలిపినచో కోపించిరి. కథ పూర్తియైన పిమ్మట, తాను వ్రాసిన మొదటి పుట మిగిలినదానిలో కలియక మచ్చవలె నిలిచినదని టాల్‌స్టాయి యంగీకరించెను.

వారిలో ఇరువురు మిక్కిలి ప్రతిభ కనబరచిరి. సేమ్కా దృష్టి బాహ్యవస్తువులపైనిది. ముసలివాని నారచెప్పులు మంచుచే బిగిసియుండుటయు, కరగినప్పుడు వానినుండి బురద కారుటయు, పొయ్యిలో వేయగా నవి యెండి పెళుసగుటయు ఆతడు కన్నులకు కట్టినట్లు చెప్పెను. ఫెద్కా వివరములన్నిటిని కోరలేదు. జాలి పుట్టించు వివరమునే యేరుకొనెను. దేనిని ఎంతవరకు చెప్పవలెనో, ఎచ్చట ఆపవలెనో ఆతనికి తెలిసియుండెను. ఒకచోట, పొరుగు బంధువు ఆడుదాని గొఱ్ఱెతోలు కోటు తొడిగికొని వచ్చెనని ఫెద్కా చెప్పెను. ఆడుదాని కోటెందులకని గురువు మొదట ఆశ్చర్యపడెను. ఆలోచింపగా, చేతికందినదానిని తొడిగికొని వచ్చిన బక్కపలుచని పేదరైతు రూపమంతయు ఆ యొక్కమాటతో కట్టెదుట నిలిచినది. ఇల్లు, పేదరికము, తొందరపాటు మూడును అందు ధ్వనించినవి. వర్ణనలో అధికపదము దోషమని మన శాస్త్రము చెప్పును. ఆ దోషమును పరిహరించు నేర్పు శాస్త్రమెరుగని ఆ బాలునకు సహజముగా నుండెను.

మన యవధానములలోని సమస్యాపూరణమును, దత్తపదిని ఈ పనితో పోల్చవచ్చును. అచ్చటను పృచ్ఛకుడు తుదిపాదమునో కొన్ని పదములనో యిచ్చును. మిగిలినది కవి కల్పన. కాని యవధానమున శక్తిని ప్రకటించుట ప్రధానము. ఇచ్చట సామెత తాళపుచెవి మాత్రమే. తలుపు తెరచిన తరువాత లోపలనున్నదంతయు బాలుని లోకానుభవము.

ఆ వ్రాతప్రతికి విపత్తు కలిగెను. టాల్‌స్టాయి కొన్నిదినములు ఊరలేని సమయమున, బడిలో కాగితములతో ఆటబొమ్మలు చేయు వేడుక ప్రబలి, కథ వ్రాసిన కాగితములును అందులో చేరి తుదకు పొయ్యి పాలయ్యెను. తన రచన లేదియు పోయినప్పుడు అంతటి దుఃఖము కలుగలేదని ఆతడు వ్రాసెను. ఫెద్కా సేమ్కాలు తామే మరల చెప్పెదమని యాతని యింటికి వచ్చి, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు కథను మరల చెప్పి వ్రాయించిరి. పిమ్మట ఫెద్కా "సైనికుని భార్య జీవితము" అను మరియొక కథను చెప్పెను. తండ్రిని సైన్యమునకు కొనిపోగా ఆ కుటుంబము పడిన పాట్లును, ఆతడు తిరిగివచ్చుటయు అందలి విషయము. చెప్పువాడు ఆ యింటి బాలుడు. ఇవి రెండును ముద్రితములైనవి.

గురువు భారము, శిష్యుని భారము

ఈ యనుభవమునుండి టాల్‌స్టాయి నాలుగు నియమములను తీసెను. ఒకటి: విషయములను విరివిగా, నానావిధములుగా చూపవలెను; బాలురకని అల్పవిషయములు కల్పింపక, గురువునకే ఆసక్తి కలిగించు గంభీరవిషయములను ఈయవలెను. రెండు: మాదిరికి బాలుర రచనలనే చదువనీయవలెను. మూడు: రచనను పరిశీలించునప్పుడు పుస్తకపు శుభ్రతను గాని, దస్తూరిని గాని, వర్ణక్రమదోషములను గాని, వాక్యనిర్మాణమును గాని యెత్తిచూపరాదు. నాలుగవది వీనిలో ప్రధానము. రచనయందలి కష్టము విషయపు గొప్పతనమువలనను పరిమాణమువలనను కలుగదు. పనియొక్క యంత్రాంగమువలన కలుగును.

ఈ యంత్రాంగమును ఆతడు ఇట్లు విడదీసెను. మనసునకు తోచు అనేకభావములలో నొకదానిని ఎన్నుకొనవలెను. దానికి మాటలు వెదుకవలెను. అది యెచ్చట నుండవలెనో నిర్ణయింపవలెను. ముందు వ్రాసినదానిని జ్ఞప్తియందుంచుకొని, చెప్పినదే చెప్పక, చెప్పవలసినది విడువక, వెనుకదానికి ముందుదానిని అతుకవలెను. ఇంత తలచుచునే చేతితో వ్రాయవలెను. తలపు వ్రాతకు, వ్రాత తలపునకు అడ్డురాకూడదు. పెద్దలకు ఈ పనులన్నియు ఒక్కటిగా తోచును. బాలునకు ఇవి యన్నియు ఒకేసారి మీదపడిన బరువులు.

కావున గురువు మొదట కొన్ని బరువులను తానెత్తుకొనవలెను. టాల్‌స్టాయి చేసినది సరిగా ఇదియే. బాలురు పదిమాటలు చెప్పినప్పుడు అందొకదానిని ఏరి నిలిపెను. ఎంతవరకు చెప్పితిరో జ్ఞప్తికి తెచ్చెను. చేతివ్రాత శ్రమను పూర్తిగా తాను వహించెను. భావమును, రూపమును, తగినంతయని తెలిసికొను వివేకమును వారికే విడిచెను. పిమ్మట ఒక్కొక్క బరువును వారి భుజములకు మార్చుచు వచ్చెను. ఆరంభమున వేసిన ప్రశ్నకు సమాధానము ఇచ్చట దొరకుచున్నది. మన పాఠశాలలలో సామాన్యముగా దీనికి విపరీతము జరుగును: గురువు భావములను చెప్పి వ్రాయించును, శ్రమనంతయు బాలునకు విడుచును, తుదకు ఎఱ్ఱసిరాతో వర్ణక్రమమును దిద్దును.

ఆక్షేపణలు

ఈ సిద్ధాంతముపై నాడే ఆక్షేపణలు పుట్టినవి. చెర్నిషేవ్‌స్కీ 1862లోనే ఆ పత్రికను విమర్శించుచు, ఇతరులకు విద్యను గూర్చి బోధింపబూనుటకు ముందు ఆతడు తన భావములను స్థిరపరచుకొనవలెనని సూచించెను. బాలుడు పుట్టుకతో పరిపూర్ణుడనియు, విద్య ఆతనిని చెరచుననియు టాల్‌స్టాయి చెప్పిన మాట రూసో మతము ననుసరించిన యతిశయోక్తి. ఫెద్కావంటి బాలుడు ప్రతి బడిలోను దొరకడు. మరియు ఆ కథలలో గురువు పాలు ఆతడు చెప్పుకొన్నదానికంటె నెక్కువయే. పది మాటలలో నొకదానిని ఏరుట మహారచయిత చెవి చేసిన పని. ఆడుదాని కోటు విలువ ఎరిగినవాడు లేనిచో ఆ మాట గాలిలో కలిసిపోయెడిది. వర్ణక్రమమును ఎన్నడును దిద్దరాదనుట పాఠశాలలో సాగునది కాదు. రచనను మెచ్చునాడు దానిని విడిచి, వేరొకనాడు వేరొక పాఠముగా నేర్పుటయే యుక్తము. ఇన్ని తీసివేసినను, బరువులను పంచుకొను నియమము చెక్కుచెదరదు. దానికి బాలుని పరిపూర్ణతతో పనిలేదు, సామాన్యబాలుని బలహీనతయే చాలును.

1862 జూలైలో ఆతడు సమారా మైదానములలో నున్నప్పుడు రాజభటులు యాస్నయా పొల్యానాపై బడి, రహస్యముద్రణాలయమున్నదను అనుమానముతో రెండుదినములు సోదాచేసిరి. ఏమియు దొరకలేదు. ఆ యవమానమును, అదే సంవత్సరము సెప్టెంబరులో జరిగిన వివాహమును, పిమ్మట ప్రారంభించిన "యుద్ధము-శాంతి" రచనయు కారణములుగా పాఠశాల మూతపడెను.

అక్షరమాల, వాచకములు

ఆ మహానవల 1869లో ముగిసిన తరువాత ఆతడు మరల బాలురవైపు తిరిగెను. 1872 ఆరంభమున తన యింటనే బడి పెట్టెను. భార్యయు, పెద్దపిల్లలును అందు పాఠములు చెప్పిరి. అదే సంవత్సరము నవంబరులో "అక్షరమాల" అను నాలుగుభాగముల గ్రంథము వెలువడెను. అక్షరములు, చదువుటకు కథలు, ప్రాచీన స్లావు భాషాపాఠములు, గణితము, ఉపాధ్యాయులకు సూచనలు అందు కలవు. రాజుబిడ్డ మొదలు రైతుబిడ్డవరకు రష్యాలోని రెండుతరముల పిల్లలు దీనినుండియే చదువు నేర్చి, కవిత్వపు తొలిముద్రలను పొందవలెనని ఆతని యాశ. మొదటి ముద్రణము మందముగా అమ్ముడుపోయెను. విమర్శకులు భాషను, పద్ధతిని నిందించిరి. 1874లో మాస్కో అక్షరాస్యతాసంఘము ఎదుట అక్షరములు నేర్పు పద్ధతులను గూర్చి ఆతడు వాదించెను. రెండు బడులలో పోల్చి పరీక్షించినను వివాదము తెగలేదు. ఆతడు వెనుదీయక గ్రంథమును తిరుగవ్రాసి, 1875లో "నూతన అక్షరమాల"ను, నాలుగు "రష్యను పఠనపుస్తకములను" ప్రకటించెను. ఇవి ఆతని జీవితకాలమునందే ఇరువదికి మించిన ముద్రణములు పొందినవి.

గ్రీకుభాష నేర్చియున్న ఆతడు ఈ వాచకములకై ఈసోపు కథలను మూలమునుండి తెచ్చుకొనెను. భారతీయకథలును అందు చేరినవి. పంచతంత్రకథలను చిన్నయసూరి "నీతిచంద్రిక"లో చదివిన తెలుగువారికి వానిమధ్య చుట్టరికము తోపకమానదు. కాని శైలిలో ఇరువురి త్రోవలు వేరు. చిన్నయసూరి కథను భాషాసంపదకు నెలవుచేసెను. విద్యార్థి కథతోపాటు పదములను, సమాసములను, ప్రయోగములను నేర్చును. టాల్‌స్టాయి కథనుండి భాషాలంకారమునంతయు ఊడ్చివేసెను. ఉన్నతభాష నేర్పుట యొకని లక్ష్యము, ఉన్నభాషతో చూడనేర్పుట వేరొకని లక్ష్యము.

"టెంక" అను కథ దీనికి తార్కాణము. తల్లి రేగుజాతి పండ్లు కొనితెచ్చి భోజనానంతరము పంచవలెనని యుంచెను. వాన్యా యెవరును చూడనప్పుడు ఒకటి తినెను. లెక్క తప్పినదని తెలిసి తండ్రి యడుగగా పిల్లలెల్లరు మేము తినలేదనిరి. తిన్నందులకు భయములేదు గాని, ఎవరైన టెంక మ్రింగినచో చనిపోవుదురే యని తండ్రి చింతించెను. టెంకను కిటికీలోనుండి పారవైచితినని వాన్యా పలికెను. అందరును నవ్విరి, వాన్యా యేడ్చెను. కథ యింతియే. దొంగతనము తప్పని యెచ్చటను చెప్పలేదు. ఆ యేడుపే నీతి. బాలుని చిత్తవృత్తిని ఒక క్రియతో సూచించి యాగుట ఫెద్కా ఆతనికి చూపిన త్రోవయే. ఇంటివారికి తెలియకుండ బడికి పోయి, భయముచే మాటరాక నిలిచి, తుదకు తన పేరును కూడబలికిన "ఫిలిపోక్" కథయు ఇట్టిదే.

"కాకససు ఖైదీ" యను పెద్దకథయు మొదట 1872లో ఈ బాలగ్రంథములకొరకే పుట్టినది. 1853లో టాల్‌స్టాయి తానే శత్రువులకు చిక్కబోయి తప్పించుకొన్న సంగతి దానికి కొంత యాధారము. ఇకమీదట పెద్దలకును ఈ భాషతోడనే, ఈ పద్ధతితోడనే వ్రాయుదునని ఆ సంవత్సరమే ఆతడు విమర్శకుడగు స్త్రాఖొవునకు లేఖ వ్రాసెను. 1898లో వెలువడిన "కళ యనగా నేమి?" యను గ్రంథమున తన రచనలకు తానే తీర్పు చెప్పుచు, రెండు కథలను మాత్రమే సత్కళగా నిలిపి తక్కినవానినన్నిటిని త్రోసిపుచ్చెను. ఆ రెండును, "కాకససు ఖైదీ"యు, "దేవుడు సత్యమును చూచును గాని వేచియుండును" అనునదియు, ఈ వాచకములలోని బాలకథలే. తీర్పు కఠినమైనది, "అన్నా కరేనినా"ను త్రోసివేయుటకు పాఠకలోకము అంగీకరింపలేదు. అయినను, ఆతడు తన కృషిలో నేభాగమును తలపై పెట్టుకొనెనో యిది స్పష్టముచేయుచున్నది. పిదప 1884లో శిష్యుల సహాయముతో స్థాపించిన "మధ్యవర్తి" ప్రచురణసంస్థ కొన్ని కాసుల వెలకు పల్లెలకు పంపిన కథలును ఈ శైలికి సంతానమే.

టాల్‌స్టాయి వార్ధక్యమునందును 1907లో మరల రైతుబిడ్డలకు పాఠములు చెప్పెను. 1910లో అస్తాపొవా రైల్వేస్టేషనునందు దేహము చాలించెను. ఫెద్కా యను పేరుతో వ్యాసమునకెక్కిన బాలుడు వసీలీ మొరోజవు. ఆతడు మహారచయిత కాలేదు; బండితోలి జీవించెను. కాని ముదిమిలో తన గురువును, ఆ పాఠశాలను గూర్చి స్వహస్తముతో జ్ఞాపకములు వ్రాసెను. అవి 1917లో ప్రకటితములైనవి.

ఆ బాలుడు కవి కాలేదు గనుక శిక్ష వ్యర్థమైనదని చెప్పుట న్యాయము కాదు. ప్రతిభను పుట్టించుట శిక్షకుని చేతిలోనిది కాదని మన శాస్త్రమే యొప్పుకొన్నది. తాను చూచినదానిని, తాను వలచినదానిని తన మాటలతో చెప్పుకొను ధైర్యము ఆ బాలునకు కడవరకు నిలిచినది. పాఠశాలలోని రచనాశిక్షకు ఫలమని చెప్పదగినది యిదియే. వ్యాసరచనకు కూర్చున్న విద్యార్థి కలము కదలక నిలిచినప్పుడు, ఆతనికి భావము లేదని నిర్ణయించుటకు ముందు, ఆతనిపై ఒక్కసారిగా ఎన్ని బరువులు పడినవో లెక్కించుట పండితుని ధర్మము. వానిలో నొకటి రెండు తానెత్తుకొన్నచో, మిగిలినవానిని మోయు బలము ఆ బాలునకే కలదని యాస్నయా పొల్యానా పాఠశాల రుజువుచేసినది.